హతుని మాట ఏ భాషలో?

హత్యపై విచారణ జరిగినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదు. విచారించినవారు ఎవరు? వాంగ్మూలాలు ఏ భాషలో నమోదయ్యాయి? ఈ రెండు ప్రశ్నలూ అడగక తప్పదు. నాలుగు శతాబ్దాలకు పూర్వం ఫ్రాన్సు దేశపు దోఫినే ప్రాంతంలో, రోమాన్ అనే పట్టణంలో జరిగిన వేషాల పండుగ ఇందుకు చెరగని నిదర్శనం.

అక్కడ ప్రభువర్గానికి పన్ను మినహాయింపు ఉండేది. భారమంతా చేతిపనివారిపైన, రైతులపైన పడేది. 1579లో వారు తిరగబడి, పోమియే అన్న పేరుతో ప్రసిద్ధుడైన బట్టల పనివాడు జాన్ సెర్వ్‌ను నాయకునిగా ఎన్నుకున్నారు. 1580 ఫిబ్రవరిలో, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందు వచ్చే కార్నివాల్ సంబరాలలో ఊరు రెండు పక్షాలుగా చీలింది. పోమియే ఎలుగుబంటి తోలు కప్పుకొని నగర సభలో తనది కాని పీఠంపై కూర్చున్నాడు. అతని పక్షంవారు చీపుళ్ళు, నూర్పిడి కర్రలు పట్టుకొని, శవయాత్రకు తగిన వస్త్రాలు ధరించి వీధులలో నృత్యం చేశారు. సంపన్నులు తమలో ఒకరికి రాజు వేషం వేసి ఊరేగించారు.

ఫిబ్రవరి 15 రాత్రి సంపన్నుల పక్షం ఆయుధాలతో విరుచుకుపడింది. పోమియే హతుడయ్యాడు. ఆ పిమ్మట జరిగిన విచారణ హంతకులపై కాదు, హతుని అనుచరులపై. చరిత్రకారులు ఆ దాడికి సూత్రధారిగా ఎంచే రాజన్యాయాధికారి ఆంత్వాన్ గేరానే ఆ విచారణకు పూనుకున్నాడు. గ్రెనోబుల్ ఉన్నత న్యాయస్థానం నుంచి వచ్చిన న్యాయమూర్తులు ఉరిశిక్షలు విధించారు. చనిపోయిన పోమియే బొమ్మను తలక్రిందులుగా వేలాడదీశారు. చీపురు, శవవస్త్రం, నృత్యంలోని కేకలు అన్నీ ధనికులను హతమార్చే కుట్రకు సాక్ష్యాలయ్యాయి. వేషం నేరమైంది, నేరం న్యాయమైంది.

ఇక భాష సంగతి. న్యాయపత్రాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలని 1539లో విలెర్ కోత్రే రాజశాసనం నిర్దేశించింది. రోమాన్ సామాన్యులు మాట్లాడినది ఓక్సితన్ మాండలికం. ఆ కేకలకు, పాటలకు వారి నోట ఉన్న అర్థమేమిటో మనకు నేరుగా చేరలేదు. గేరాన్‌దిగా భావించే వృత్తాంతమూ, సామాన్యులపై కొంత సానుభూతి గల నోటరీ యుస్తాష్ పియెమోన్ జ్ఞాపకాలూ ఫ్రెంచి రచనలే. 1979లో చరిత్రకారుడు లె రువా లదురీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించిన గ్రంథం వెలువడింది. అప్పటికి హతుడు మరణించి నాలుగు శతాబ్దాలు కావస్తోంది.

మన దేశంలో చట్టం ఇంతకన్న మేలైనది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, న్యాయస్థాన భాష కాక వేరొక భాషలో సాక్షి చెప్పిన వాంగ్మూలాన్ని వీలైనంతవరకు ఆ భాషలోనే నమోదు చేయవచ్చు. నమోదైనది సాక్షికి అర్థంకాని భాషలో ఉంటే, అర్థమయ్యే భాషలో వివరించాలి. ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే అతనికీ వివరించాలి. పాత నేర విచారణ స్మృతిలోనూ ఈ రక్షణ ఉండేది.

ఉన్న హక్కును అడిగి పొందడం మన వంతు. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా తెలుగువాడు సాక్షిగానో ముద్దాయిగానో బోనెక్కినప్పుడు తన మాట ఎలా నమోదయిందో తెలుసుకొని తీరాలి. అవసరమైతే దుబాసీని కోరాలి. పోమియే పక్షంవారికి ఆ అవకాశం లేకపోయింది. మనకు ఉంది. దానిని వదులుకోరాదు.