ఒంటరి బాటసారికి బస

“వినోదానికి ఒక్కడివే వెళ్ళడమేమిటి?” అనే మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. విహారయాత్ర అంటే భార్యాబిడ్డలతో, బంధువులతో, రెండు కార్లలో బయలుదేరవలసినదేనని మనం నిశ్చయించుకున్నాము. కాని చిరుద్యోగం చేసుకుంటూ, ఇంకా పెళ్ళి కాక, వెంట వచ్చే తోబుట్టువులు కూడా లేని యువకులు మన బస్తీలలో ఎందరో ఉన్నారు. అలాంటివాడు ఏడాదికొకసారి రెండు రోజులు సెలవు పెట్టి హైదరాబాదుకు వచ్చి, రామోజీ ఫిల్మ్ సిటీ చూసి పోవాలనుకుంటే తప్పుపట్టవలసినదేమీ మాకు కనిపించదు. కష్టార్జితం అతనిది, సెలవు అతనిది. పెద్దలు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది: ఆ రాత్రి అతడు ఎక్కడ తల దాచుకుంటాడు?

మా వద్ద చదువుకున్న ఒక యువకుడు గత శీతకాలంలో ఇలాగే బయలుదేరాడు. ఫోనులో చవక గది చూసి, సొమ్ము ముందే చెల్లించాడు. రోజంతా తిరిగి రాత్రి పదిన్నరకు లాడ్జికి చేరితే, కౌంటరు వద్ద ఉన్న మనిషి “ఒంటరి మగవారికి గది ఇవ్వము, కుటుంబాలకే” అని చెప్పి పంపివేశాడు. రసీదు చూపినా వినలేదు. ఆ రాత్రి అతడు బస్టాండు బల్లపై కూర్చుని తెల్లవార్చాడు. సొమ్ము తరువాత తిరిగి వచ్చింది, నిజమే. పోయిన నిద్ర, పడిన అవమానం తిరిగి రాలేదు కదా!

కనుక ధర చూడడానికి ముందు స్థలం సంగతి తెలుసుకోవాలి. ఫిల్మ్ సిటీ నగరంలో లేదు. విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిపై, రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో ఉంది. ఎల్.బి.నగర్ నుండి సుమారు 20 కిలోమీటర్లు. లోపల సితార, తార అనే హోటళ్ళు ఉన్నాయి గాని, గది అద్దె ఇద్దరి లెక్కన ఉంటుంది కనుక ఒక్కడికి అది భారమే. ఇక “ఫిల్మ్ సిటీ సమీపంలో” అని రాసుకునే లాడ్జీలలో అధికభాగం హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలవి. సమీపం అనే మాటకు వ్యాపారి ఇచ్చే అర్థం వేరు, అలసిన కాళ్ళు ఇచ్చే అర్థం వేరు. ఫోనులోని పటం తెరచి, లాడ్జి గుమ్మం నుండి ఫిల్మ్ సిటీ ప్రధాన ద్వారం వరకు స్వయంగా దూరం కొలుచుకోవాలి.

కుటుంబంతో వచ్చినవారికి ఆటో ఖర్చు నలుగురి మధ్య పంచుకోబడుతుంది. ఒంటరివాని జేబు నుండి మొత్తమూ పోతుంది. దూరాన 700 రూపాయల గది తీసుకుని, రానుపోను ఆటోకు 600 ఇచ్చాడనుకుందాం. దారిలోనే బస్సు దొరికేచోట 1,100 పెట్టి దిగినవాడు అతనికంటే తక్కువకే గట్టెక్కినట్లు. పైగా సాయంకాలపు ముగింపు కార్యక్రమం చూసి బయటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆ వేళ రహదారిపై నిలబడి బేరమాడే ఒంటరి మనిషికి ఆటోవాడు చెప్పినదే ధర. అందుచేత రాత్రి తిరుగుదారిని ముందు నిర్ణయించుకుని, ఆ దారిలో గదిని వెదకడం మేలు. మా మటుకు మేము హయత్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మధ్య రహదారిని ఆనుకుని ఉన్న బసనే ఎంచుకోమంటాము. ఎల్.బి.నగర్‌కు 2018 నుండి మెట్రో ఉంది. మలక్‌పేట, మహాత్మా గాంధీ బస్ స్టేషన్, నాంపల్లి అన్నీ ఆ మార్గంలోనివే. గుంటూరు, విజయవాడ, సూర్యాపేటల వైపు నుండి వచ్చేవారికి ఇంకొక సౌకర్యం ఉంది. వారి బస్సులు సాధారణంగా ఈ రహదారి మీదుగానే వస్తాయి. నగరం నడిమికి పోయి, తిరిగి అంత దూరం వెనక్కు రావలసిన పని లేదు.

గది ఖాయం చేసే ముందు లాడ్జికి నేరుగా ఫోను చేయాలి. ఒంటరిగా వచ్చే పురుషునికి గది ఇస్తారా అన్నది మొదటి ప్రశ్న. జవాబును వాట్సాప్‌లో రాసి పంపమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. గడువు 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12 గంటల లెక్కా అన్నది రెండవది. ఇది చిన్న విషయం కాదు. రాత్రి బస్సు ఎక్కి తెల్లవారుజామున ఐదింటికి దిగినవాడు పన్నెండింటి లెక్క గల లాడ్జిలో చేరితే, ఏడు గంటల నిద్రకు ఒక రోజు అద్దె చెల్లించి, మళ్ళీ రెండవ రోజు అద్దె మొదలుపెట్టవలసి వస్తుంది. చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందా అని కూడా అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. పాత లెక్క చెప్పేవారికి ఈ సంగతి గుర్తుచేయవచ్చు.

ఆధార్ నకలు ఇచ్చేటప్పుడు మొదటి ఎనిమిది అంకెలు కనబడని ప్రతిని ఇవ్వడం మంచిది. దానిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండే దింపుకోవచ్చు. అది చెల్లుతుందో లేదో ఆ ఫోనులోనే తేల్చుకుని, డ్రైవింగ్ లైసెన్సు కూడా వెంట ఉంచుకోవాలి. రైలులో వచ్చేవారు పెద్ద స్టేషన్లలోని విశ్రాంతి గదులను మరచిపోరాదు. ఖాయమైన టికెట్టు ఉంటే ఐఆర్‌సీటీసీ ద్వారా తీసుకోవచ్చు. కొన్నిచోట్ల ఒక్క పడక మాత్రమే అద్దెకు దొరుకుతుంది. ఒంటరివానికి ఇంతకంటే అనువైనది అరుదు, దూరం ఒక్కటే దాని లోపం.

నడక దూరంలో మస్జిదు ఉన్న బస అయితే ఫజ్ర్ నమాజుకు ఇబ్బంది ఉండదు, సమీపంలో హలాల్ భోజనం ఎక్కడ దొరుకుతుందో చెప్పేవారూ అక్కడే కనిపిస్తారు. గదిలో నమాజు చేసుకునేవారికి హైదరాబాదులో ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరం వైపు అని గుర్తుంటే చాలు.

ఉద్యోగ పరీక్షలకో, చదువుకో తప్పనిసరై నగరానికి వచ్చే సోదరీమణులకూ ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి. వారి విషయంలో ధరను చివరన చూడాలి. తలుపు గడియ లోపలి నుండి గట్టిగా పడుతుందా, రాత్రి కౌంటరులో మనిషి ఉంటాడా అన్నవి ముందు చూడాలి. ఆ గడియ సరిగా లేకపోతే, చీకటి పడకముందే సొమ్ము వాపసు అడిగి మరొక బస వెదకుకోవాలి.