ఒరలో జేర్చు నేర్పు



కుమార్తె వీణ నేర్చెదనన్న సంతోషించు తల్లి, కత్తిసాము నేర్చెదనన్నచో నులికిపడుట సహజము. అయినను జపాను దేశపు ఖడ్గవిద్య నేడు దేశదేశములకు వ్యాపించినది. ఆ దేశపు మాధ్యమిక పాఠశాలలలో 2012వ సంవత్సరము నుండి యుద్ధవిద్యలు నిర్బంధ పాఠ్యాంశములైనవి. బాలురతోపాటు బాలికలును జూడో, కెండో మొదలగువానిలో నేదేని నభ్యసించుచున్నారు. చదువులకై దూరదేశముల నున్న మన పిల్లలకును ఈ విద్యపై మక్కువ కలుగవచ్చును. వలదని చెప్పుటకు ముందు, అందు దేహరక్షణకై యెట్టి కట్టుబాట్లున్నవో యెరుగుట మనకు కర్తవ్యము.

పూర్వమచట కొయ్యకత్తులతో నభ్యాసము చేసెడివారు. కొయ్యయే కదా యని తలపరాదు. దాని దెబ్బకు ఎముకలు విరుగును, ప్రాణమును పోవచ్చును. పదునెనిమిదవ శతాబ్ది యారంభమున నగనుమ కునిసతో యను గురువు వెదురుకత్తిని, కవచమును సంస్కరించి, శిష్యులు గాయపడకయే నిండుబలముతో గొట్టుటకు వీలు కల్పించెను. నేటి కెండో యీ మార్గముననే పెరిగినది. తలకు ఇనుపకమ్ముల ముసుగు, చేతులకు దళసరి తొడుగులు, ఎదకు గట్టిపలక, నడుమునకు వ్రేలాడు పట్టీలు - ఇవి యందలి రక్షణములు.

అయినను కవచమొక్కటియే చాలదు. వెదురుకత్తి నాలుగు బద్దల కూర్పు. ఒక బద్ద చీలినచో, దాని పేడు ముసుగుకమ్ముల సందున దూరి కంటిని పొడువగలదు. కావున ప్రతిదినము అభ్యాసమునకు ముందు బద్దలను చేతితో తడవి చూడవలెను. కొనతోలు, త్రాడు బిగువుగా నున్నవో లేవో పరీక్షింపవలెను. చీలిన కత్తిని ఈ యొక్క దినమునకే యని వాడుట తగదు. కంఠమున పొడుచు ప్రయోగమును మాధ్యమిక పాఠశాలల పిల్లలకును, వారికంటె చిన్నవారికిని అచట పోటీలలో నిషేధించినారు.

ఈ విద్యలో వట్టికాళ్లతో నెడమపాదమున నేలను దన్ని ముందునకు దుముకుదురు. కాళ్లు చక్కగా సాగదీయక దుమికినచో మడమవెనుకటి పెద్దనరము తెగుటయు గలదు. వేసవిలో దళసరి బట్టలు, బరువైన కవచము ధరించి చేయు సాధన వడదెబ్బకు దారితీయును. నడుమ నడుమ ముసుగు తీసి నీరు త్రావి విశ్రమింపవలెను. దప్పికను సహించుటయే శౌర్యమని బోధించు గురువు కడకు మన బిడ్డలను పంపరాదు.

ఇయాయిదో యను మరియొక శాఖ కలదు. ఇందు ప్రత్యర్థి యుండడు. ఒంటరిగా నొరనుండి కత్తి దూసి, వ్రేటుల గతులు చూపి, మరల నొరలో జేర్చుటయే సాధన. ఎదిరి లేడు గదా, భయమేల యందురేమో! ఇందు వాడునది లోహపు కత్తి. క్రొత్తవారికి పదును లేనిదానినే యిత్తురు. కాని దాని మొనయు గ్రుచ్చుకొనును. అలుగును పిడిలో నిలుపునది చిన్న వెదురుచీల. అది వదులైనచో అలుగు పిడినుండి జారి యెగిరిపోవచ్చును. కావున చీలను చూడక కత్తి దూయరాదు. దూయువాని యెదుట నెవ్వరును నిలువరాదు.

నేర్పు చాలనివాడు దూయునపుడు వాదరను ఒరకంటి కదుమును; పదునుకత్తియైనచో ఒర చీలి యెడమచేయి తెగును. ఒరలో జేర్చునపుడు చూపు చేతిపై నిలుపరు. ఎడమచేతి వ్రేళ్లే యొరమూతికడ దారి చూపును. చూపరుల మెప్పునకై వేగిరపడినచో నా వ్రేళ్లకే గాయము. అందుచేత మంచి గురువులు శిష్యునిచే దీనిని మెల్లమెల్లగా జేయింతురు. ఏండ్లు గడచినగాని పదునుకత్తిని ముట్టనీయరు.

ఇచట నాకు భారతములోని యశ్వత్థామ స్మృతికి వచ్చును. అర్జునుడు తన యస్త్రమును ప్రయోగించుటయు నెరుగును, ఉపసంహరించుటయు నెరుగును. అశ్వత్థామ ప్రయోగింపగలిగెను గాని మరల్పలేకపోయెను. ఆ యస్త్రము ఉత్తర గర్భముపై బడెను. మరల్పలేని విద్య యెదిరికంటె ముందు నిరపరాధులను బాధించును.

ఆ దేశపు శిక్షాలయములలో ఆదియందును అంతమందును వంగి నమస్కరించు ఆచారమును వట్టి మర్యాదయని తలపకుడు. ఇరువురును సిద్ధమైనగాని కత్తి లేవరాదు. నిలుపుమని గురువు పలికిన తక్షణమే యెత్తినచేయి దిగవలెను. ఈ రెండు నియమములు నిలిచిన చోటనే కవచమును రక్షించును.

కావున మీ బిడ్డ యీ విద్యను గోరినచో, ఒకదినము మీరే పోయి కూర్చుండి చూడుడు. కత్తులను పరీక్షించుచున్నారా? పిల్లల మధ్య దూరము పాటించుచున్నారా? అలసినవారిని కూర్చుండనిచ్చుచున్నారా? గురువు పలికిన యొక్కమాటకు అందరి చేతులును దిగుచున్నవా? ఇవి యున్నచో నిర్భయముగా బంపుడు. వీనిలో నొక్కటి లేకున్నను, ఆ గురువు కీర్తి యెంతటిదైనను, బిడ్డను వెంటబెట్టుకొని యింటికి రండు.