వాడకు మత్తు, సర్కారుకు సొత్తు

మన పిల్లగాడు గంజాయి పొట్లంతో దొరికితే నడివీధిలో కొట్టుకుంటూ తీసుకుపోతారు. వాడ మొగదలలో బెల్టుషాపు తెల్లారకముందే తెరిస్తే అటు చూసే ఖాకీ ఉండడు. ఒకటి నేరమట, ఇంకోటి ఖజానాకు ఆదాయమట!

తాగేది ఒక్కడే, మునిగేది ఇల్లంతా. కూలి డబ్బు సీసాలో పోతే పిల్లల కంచం ఖాళీ. పిల్లగాడు మత్తులో పడితే బడీ పాయె, పనీ పాయె. ఇక హక్కులడిగేదెవరు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చిన ఆడోళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం బందయ్యాయి. 1997లో సర్కారు ఆదాయం కోసం నిషేధం ఎత్తేసింది. ఖజానా నింపడానికి మన రెక్కల కష్టమే దొరికిందా?

బాబాసాహెబ్ సారథ్యంలో రాసిన రాజ్యాంగం, 47వ అధికరణలో, వైద్యానికి తప్ప మత్తు పానీయాలూ మత్తు మందులూ రెండూ ఆపడానికి పూనుకోమంది. ఒకటి అమ్ముకుంటూ ఇంకోటి పట్టుకోమనలేదు.

గంజాయి 20 కిలోలు దాటితే కనీసం 10 ఏళ్ల జైలు. మూట మోసిన మన్యం ఆదివాసి కూలి లోపల. మరి పెట్టుబడి పెట్టినోడేడి?

ఆ 1985 చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. తాగినందుకో, కొద్దిపాటి సరుకుకో కేసైనోడు తనంతట తాను సర్కారు దవాఖానలో వైద్యం పూర్తిచేస్తే శిక్ష తప్పుతుంది. ఈ మాట మన వాడకొచ్చి ఎవడు చెప్పాడు?

అక్కల్లారా, అన్నల్లారా! కొడుకును దాచొద్దు, కొట్టొద్దు. వైద్యానికి తీసుకుపోండి. తాళం మాత్రం బెల్టుషాపుకు వేయండి!