హిమ్మత్ మాకుంది, జమానత్ ఎవరిస్తారు?

మాకు ఆత్మవిశ్వాసం లేదట. 'నౌకరీల కోసం ఎదురుచూడకండి, సొంత వ్యాపారం పెట్టుకోండి, ముందు మీ మనస్తత్వం మార్చుకోండి' అని సభలు పెట్టి మరీ చెబుతున్నారు. సర్కారు వాళ్లు చెబుతారు, బ్యాంకు వాళ్లు చెబుతారు. మాలోని పెద్దమనుషులు ఇక్బాల్ 'ఖుదీ'ని అరువు తెచ్చుకుని, షేర్వానీ సర్దుకుంటూ చెబుతారు. వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఇక మేము మాట్లాడతాం.

అసలు మాకు నౌకరీలు ఎవరిచ్చారని, వాటికోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి? 1948లో పోలీసు చర్య తర్వాత నిజాం కొలువులు పోయినవాళ్లు రిక్షా లాగారు, తోపుడు బండ్లు తోశారు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక తిరగేయండి. పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని అందులో రాశారు. హిందువుల్లో అది 55 శాతం. పట్నాలకొస్తే 57, 43. అంటే ఈ దేశంలో సొంత కాళ్లమీద నిలబడ్డవాళ్ల వరుసలో మేమే ముందున్నాం.

పంక్చర్లు వేసేవాడు, గిన్నెలకు కళాయి పూసేవాడు, పరుపులు కుట్టే దూదేకుల, అత్తరు సాయిబు, రోళ్లకు కక్కు కొట్టేవాడు - వీళ్లెవరూ రేపటి సంపాదన ఇంత అని తెలిసి నిద్రపోలేదు. ఎరగని ఊళ్లో కేకేసి గిరాకీ పుట్టించుకునేవాడికి మీరు ధైర్యం పాఠాలు చెబుతారా? మిక్సీలు, గ్రైండర్లు వచ్చాయి, రోలు మూలపడింది, కక్కు కొట్టే చెయ్యి ఖాళీ అయింది. అతనికి కరువైంది నమ్మకమా, ఇంకో పని మొదలుపెట్టే పెట్టుబడా? 1990 డిసెంబరు అల్లర్లప్పుడు హైదరాబాదులో కర్ఫ్యూ పెడితే, ఏరోజుకారోజు తెచ్చుకుని అమ్ముకునే బండివాడిని ఏ మనోధైర్యం బతికించింది?

ఆ నివేదికే ఇంకో సంగతీ చెప్పింది. కొన్ని బ్యాంకులు ముస్లిం బస్తీలను 'రెడ్ జోన్లు'గా గుర్తుపెట్టుకుని అప్పులకు దూరంగా ఉంచాయి. ప్రాధాన్యతా రంగం అప్పుల మొత్తంలో మా వాటా జనాభాలో మా వాటాకు సగం కూడా లేదు. చిరునామా చూసి అప్పు ఆపేవాళ్లే, మా మనసులో లోపం వెతుకుతున్నారు! జమానత్ అడుగుతారు. ఉండేది కిరాయి ఇల్లు. గవర్నమెంటు ఉద్యోగి సంతకం తెమ్మంటారు. మా ఖాందాన్‌లో అలాంటివాడు ఉంటే మీ గుమ్మం ఎందుకెక్కుతాం? మైనారిటీల కోసం కేంద్రం 1994లో జాతీయ ఆర్థిక సంస్థ పెట్టింది. సంస్థ పెట్టడం వేరు, జమానత్ లేనివాడి చేతికి రొక్కం అందడం వేరు.

'వడ్డీ హరాం కదా, మీరే బ్యాంకుకు రారు' అంటారు. దీన్ కోసం వడ్డీ వద్దనుకునేవాళ్లు మాలో ఉన్నారు. వాళ్లకు వడ్డీలేని దారి చూపండి. కానీ పొద్దున తొమ్మిదొందలు ఇచ్చి సాయంత్రం వెయ్యి గుంజుకునే ఫైనాన్సు వాడి దగ్గరికి మా బండివాళ్లను నెట్టింది ఎవరు?

మాలోని పెద్దమనుషులకూ ఒక మాట. మారాల్సిన మనస్తత్వం ఒకటుంది, అది మీది. దూదేకులతో వియ్యమందడానికి వెనకాడతారు, ఖురేషీల పనిని చిన్నచూపు చూస్తారు. చేతి హునర్‌ను తక్కువ చేసిన నోటితోనే వ్యాపారం చెయ్యమంటారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇళ్లలో కూర్చుని ఆ గాజులకు రాళ్లు అతికే మా ఆడవాళ్ల పనిని ఏ లెక్కలో రాశారు? వాళ్ల చేతికి వచ్చేది జతకింత అనే కూలి. లాడ్ బజార్ తళుకంతా వాళ్ల వేళ్లదే.

'హిమ్మతే మర్దాఁ, మదదే ఖుదా' అన్న సామెత మాకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. మదద్‌ను ఖుదా మీదికి నెట్టి సర్కారు చేతులు దులుపుకోమని ఆ సామెత చెప్పలేదు. బస్తీ పేరు చూసి దరఖాస్తు తిప్పికొట్టడం ఆపండి. చిన్న అప్పులకు సర్కారే జమానత్ ఉండాలి. ఏ బ్రాంచికి మావాళ్ల దరఖాస్తులు ఎన్ని వచ్చాయో, ఎన్నిటికి డబ్బు అందిందో బోర్డు మీద రాయండి. ఆ తర్వాత సభ పెట్టండి. ఆత్మవిశ్వాసం గురించి వినడానికి అప్పుడొస్తాం.