ఎత్తు పెంచితే లేచేదేమిటి?

భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం అడవి బాటలు పట్టే బొలెరోకు వానాకాలంలో బురద తప్పదు. బండి ఎత్తు పెంచాలనుకునేవారు ముందు కమాన్ కట్టల మీదే డబ్బు పోస్తారు. అవి లేపేది బాడీనే. రాళ్లకు తగిలే డిఫరెన్షియల్ వెనక ఇరుసు మధ్య ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే.

ఎంత? కంపెనీ ఇచ్చే 215/75 ఆర్15 తీసి 235/75 వేస్తే లెక్క ప్రకారం 15 మిల్లీమీటర్లు. అంతే! పైగా స్పీడోమీటరు 60 చూపితే అసలు వేగం 62 దాటుతుంది. అందుకే ఎత్తుకన్నా మట్టిని పట్టే ట్రెడ్ చూడాలి. స్టెప్నీతో కలిపి ఐదు టైర్లకు బడ్జెట్ వేయాలి.

ఆర్సీలోని తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్టీఏ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.