పది పన్నెండు రోజులే కదా!

(నర్సింగ్ సూపరింటెండెంట్ కలం నుండి)

ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ పేరు పలకడం కష్టమే గాని, మన తిరువూరు చుట్టుపక్కల దాని సంగతి చాలామందికి తెలుసు. ముఖ్యంగా ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న కుటుంబాలకు అది బాగా పరిచయం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఈ హార్మోనును తామే తయారుచేసి, ఎర్ర రక్తకణాలు తయారుచేయమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపుతాయి. కిడ్నీలు దెబ్బతింటే ఆ కబురు ఆగిపోతుంది. హిమోగ్లోబిన్ ఏడుకో ఆరుకో దిగిపోతుంది. మనిషి నాలుగు మెట్లు ఎక్కలేడు. అప్పుడు ఈ ఇంజెక్షన్ ఇస్తాం. 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి, సీసా కుదపకూడదు, ఇచ్చే ముందు బి.పి. చూడాలి అని కొత్తగా చేరిన సిస్టర్లకు చెబుతూనే ఉంటాం. హిమోగ్లోబిన్ మరీ ఎక్కువ పెరగకుండా కూడా కనిపెట్టి ఉండాలి.

ఇదే మందును ఏ లోపమూ లేని మనిషి ఎక్కించుకుంటే ఏమవుతుంది? ఎర్ర కణాలు పెరిగి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది. కొండదారిలో సైకిల్ తొక్కేవాడికి అలుపు ఆలస్యంగా వస్తుంది. రక్తం చిక్కబడి, గడ్డకట్టి, గుండెకో మెదడుకో అడ్డుపడే ప్రమాదం కూడా వస్తుంది. ఆటల పోటీల సంగతి నర్సమ్మకెందుకు అని పాఠకులు అనుకోవచ్చు. మా ఫ్రిజ్‌లో ఉండే మందు పందెంలోకి దిగింది గనుక రాస్తున్నాను.

అమెరికా సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మీలో కొందరు విని ఉంటారు. 1996లో ఆయనకు వృషణాల క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకింది. ఆపరేషన్లు, కీమోథెరపీ జరిగాయి, బతికాడు. తరువాత 1999 నుండి 2005 వరకు టూర్ డి ఫ్రాన్స్‌లో వరుసగా ఏడుసార్లు ప్రథముడుగా నిలిచాడు. మూడు వారాలు, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు సాగే పందెం అది. క్యాన్సర్ రోగులకు ఆయన ఎంత ధైర్యమిచ్చాడో చెప్పనక్కర లేదు. 2005లో పోటీల నుండి విరమించాడు. 2008 సెప్టెంబర్ 9న మళ్లీ వస్తున్నానని ప్రకటించాడు.

అక్కడ ఒక నిబంధన అడ్డొచ్చింది. విరమించిన క్రీడాకారుడు తిరిగి రావాలంటే, పోటీకి ముందు ఆరు నెలలపాటు డోపింగ్ పరీక్షలకు అందుబాటులో ఉండాలి. ఎప్పుడు పిలిచినా, ఏ ఇంటి తలుపు తట్టినా నమూనా ఇవ్వాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ పరీక్షల జాబితాలో చేరింది 2008 ఆగస్టు 1న. ఆరు నెలలు నిండేది 2009 ఫిబ్రవరి 1న. ఆయన దిగాలనుకున్న ఆస్ట్రేలియా పందెం టూర్ డౌన్ అండర్ మొదలయ్యేది జనవరి 20న. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యు.సి.ఐ. మొదట కుదరదంది. అక్టోబర్‌లో సరేనంది. నిబంధన రాసిన నాటి కంటే తమ పరీక్షలు ఇప్పుడు బలపడ్డాయని సమర్థించుకుంది.

పది పన్నెండు రోజులే కదా, పోనిద్దురూ అని చాలామంది అన్నారు. ఈ "పోనిద్దురూ" మాకు కొత్త కాదు. "ఒక్క పూటే కదా సిస్టర్", "ఒక్కడే కదా, లోపలికి పంపండి" అనే మాటలు వార్డు గుమ్మం దగ్గర రోజూ వినేవే.

ఆరు నెలలు ఎందుకో చూద్దాం. షుగరు రోగుల్లో కొందరు ఉంటారు. డాక్టరు గారి దగ్గరకు రావడానికి రెండు రోజుల ముందు నుండి అన్నం, స్వీట్లు మానేస్తారు. ఫాస్టింగ్ షుగరు చక్కగా వస్తుంది. కాని హెచ్‌బిఎ1సి అనే పరీక్ష చేస్తే మూడు నెలల బండారమంతా బయటపడుతుంది, ఎందుకంటే ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఆ రోజుల తీపి అంతా దానికి అంటుకుని ఉంటుంది. డోపింగ్ సంగతీ ఇలాంటిదే. ఎరిత్రోపోయిటిన్ మూత్రంలో కనిపించేది కొద్ది రోజులే. కొద్ది మోతాదులో నరానికి ఎక్కించుకుంటే ఇంకా త్వరగా మాయమవుతుంది. దాని వల్ల పుట్టిన ఎర్ర కణాలు మాత్రం వారాల తరబడి పని చేస్తూనే ఉంటాయి. కనుక ఒక్కనాటి పరీక్ష ఏమీ చెప్పదు. పరీక్షల వరుస కావాలి. మేము టెంపరేచర్ చార్టు ఒక్క చుక్కతో చదవం, గీతను చదువుతాం. యు.సి.ఐ. 2008లో ప్రవేశపెట్టిన "బయలాజికల్ పాస్‌పోర్ట్" కూడా ఒక చార్టే. విరమించిన మూడేళ్లలో ఎవరూ అడగని, ఎవరూ చూడని శరీరానికి ఆ చార్టు మొదలుపెట్టడానికే ఆరు నెలలు.

పైగా ఆ రోజులు ఎన్ని అన్నది అసలు ప్రశ్న కానే కాదు. అదే సంఘంలో పేరు లేని ఓ కుర్రవాడు అదే సడలింపు అడిగితే ఇచ్చేవారా? 2015లో ఒక స్వతంత్ర విచారణ సంఘం దీన్ని తరచి చూసింది. మినహాయింపు ఇవ్వవద్దని ఉద్యోగులు సలహా ఇచ్చినా యు.సి.ఐ. అధ్యక్షుడు పాట్ మెక్వెయిడ్ హఠాత్తుగా మాట మార్చారని, అదే రోజున ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన స్వదేశమైన ఐర్లండ్‌లో జరిగే పందెంలో పాల్గొంటానని తెలియజేశాడని నివేదికలో రాసింది. ఇక చెప్పేదేముంది!

తరువాత కథ అందరికీ తెలిసిందే. 2009 టూర్‌లో మూడో స్థానం వచ్చింది. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ జీవితకాల నిషేధం విధించింది, ఏడు టైటిళ్లూ పోయాయి. 2013 జనవరిలో టి.వి.లో ఎరిత్రోపోయిటిన్, రక్తమార్పిడి, అన్నీ ఒప్పుకున్నాడు. తిరిగి వచ్చాక మాత్రం శుభ్రంగానే తొక్కానన్నాడు. ఆ రెండేళ్ల రక్త ఫలితాలు సహజంగా అలా ఉండే అవకాశం పది లక్షల్లో ఒక వంతు కూడా లేదని ఆ సంస్థ అంటుంది. దాత ఇచ్చిన ఒక్క యూనిట్ రక్తం కోసం రోగి బంధువులు ఎన్ని ఫోన్లు చేస్తారో చూసిన వారికి, ఒక ఆరోగ్యవంతుడు పందెం కోసం రక్తం ఎక్కించుకున్నాడంటే కడుపు మండుతుంది.

గొప్పవాడి కోసం నిబంధన వంగింది. ఇక నిబంధన మీదపడిన ఒక పేద ఇంటి అమ్మాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమె నిలదొక్కుకున్నది మన హైదరాబాదులో. ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా గోపాల్‌పూర్‌లో నేత పనివారి ఇంట పుట్టిన ద్యుతీ చంద్ 2014లో పద్దెనిమిదేళ్ల పిల్ల. మామూలు పరీక్షలనుకుని వెళ్లానని ఆమె చెప్పింది. తీరా చూస్తే, శరీరంలో సహజంగా తయారయ్యే టెస్టోస్టిరోన్ ఎక్కువగా ఉందని గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టు నుండి తప్పించారు. ఆమె ఏ మందూ తీసుకోలేదు. పత్రికలు మాత్రం ఊరూరా ఆమె ఆడతనం గురించి రాశాయి. ఏ పరీక్ష, ఎందుకు, ఫలితం ఎవరికి చెబుతాం అన్నవి వివరించి, సంతకం తీసుకున్నాకే చేయాలని మాకు నేర్పారు. రోగి రహస్యం వార్డు దాటకూడదని కూడా నేర్పారు. ఆ పిల్ల విషయంలో రెండూ జరగలేదు.

పుల్లెల గోపీచంద్ అకాడమీ ఆమెకు చోటిచ్చింది. నాగపురి రమేష్ గారు శిక్షణ ఇచ్చారు. ఆమె స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ నిబంధనను రెండేళ్లపాటు నిలిపివేశారు. సహజమైన ఆ హార్మోను వల్ల ఎంత లాభం కలుగుతుందో అథ్లెటిక్స్ సంఘం తగిన ఆధారాలు చూపలేకపోయిందన్నారు. 2016లో రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 100, 200 మీటర్లలో రెండు రజతాలు తెచ్చింది.

ఇక్కడితో ఆపేస్తే కథ తీపిగా ఉంటుంది, కాని అది సగం కథ అవుతుంది. 2022 డిసెంబర్‌లో తీసుకున్న నమూనాల్లో కండరాలు పెంచే నిషిద్ధ మందులు, సార్మ్స్ అనేవి, బయటపడ్డాయి. ఫిజియోథెరపిస్టు సలహాపై తీసుకున్నానని ఆమె చెప్పింది. విచారణ సంఘం ఒప్పుకోలేదు. 2023 జనవరి 3 నుండి నాలుగేళ్ల నిషేధం పడింది. ఆమె పట్ల నాకు ఎంత జాలి ఉన్నా ఈ శిక్ష సరైనదే అంటాను. 2014లో ఆమె శరీరాన్ని తప్పు పట్టారు, 2022లో ఆమె తీసుకున్న మందును పట్టారు. రెండింటినీ కలిపి "పాపం, మళ్లీ ఆ పిల్లనే వేధిస్తున్నారు" అనడం న్యాయం కాదు. ఆమెతో పాటు గీత మీద నిలబడ్డ మిగతా ఏడుగురు ఆడపిల్లలకూ ఇళ్లున్నాయి, అమ్మానాన్నలున్నారు. 2024లో మన దేశంలో పరీక్షించిన 7,113 నమూనాల్లో 260 పాజిటివ్ వచ్చాయి. జాలి చూపి వదిలేసే స్థితిలో మనం లేము.

ఆరు నెలల నిబంధన ఇప్పటికీ ఉంది, మన దేశపు నాడాకు కూడా అదే వర్తిస్తుంది. మినహాయింపు అసలే ఉండకూడదని నేను అనను. ప్రసవమో, పెద్ద జబ్బో వచ్చి ఆటకు దూరమైన వారికి వెసులుబాటు ఉండాలి. ఇచ్చేది మాత్రం ఒక్క అధ్యక్షుడు కాకూడదు, ఆ పోటీ వల్ల లాభపడే వారు అసలే కాకూడదు. కారణం కాగితం మీద రాసి అందరికీ చూపాలి. మా దగ్గర వార్డు రిజిస్టర్లో కొట్టివేత ఉంటే పక్కన సంతకం, సమయం ఉండాలి. అంతపాటి లెక్క ప్రపంచ సంఘాలకు బరువా?

మరొక సంగతి. 2025 సెప్టెంబర్ 1 నుండి ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం మహిళల విభాగంలో ప్రపంచ స్థాయి పోటీలకు జీవితంలో ఒక్కసారి జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడవడమో, కాస్త రక్తం తీయడమో, అంతే పని. తీసేవారికి అది రెండు నిమిషాల పని. ఫలితం తేడాగా వస్తే మాత్రం, పద్దెనిమిదేళ్ల పిల్ల తన గురించి తనకే తెలియని మాట మొదటిసారి వింటుంది, పిల్లలు పుడతారా, పెళ్లవుతుందా అని అడుగుతుంది. మన పల్లెల నుండి ఇంటర్ చదువుతూ స్టేట్ మీట్లకు వెళ్లే ఆడపిల్లలున్నారు, వారిలో ఎవరైనా రేపు ఆ స్థాయికి చేరవచ్చు. కాబట్టి నమూనా తీసే ముందే ఆమె భాషలో అన్నీ విడమరచి చెప్పే ఒక నర్సునో కౌన్సిలర్‌నో పక్కన కూర్చోబెట్టాలని, ఫలితం ముందు ఆమెకే చెప్పాలని, ఆ తరువాతే సంఘానికి పంపాలని క్రీడా అధికారులను కోరుతున్నాను.