గుండె తనకు తీసికొనే రక్తం

పిడికెడంత గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకొని, దాదాపు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతుంది. అయితే తన గదులలో నిండియున్న ఆ రక్తాన్ని గుండె కండరం నేరుగా వాడుకోలేదు. బృహద్ధమని మొదట్లోనే చీలే రెండు సన్నని ధమనులే దానికి ఆధారం. వాటి లావు 3, 4 మిల్లీమీటర్లే. చిత్రమేమంటే, గుండె ముడుచుకొన్నప్పుడు కాదు, రెండు దెబ్బల నడుమ సడలినప్పుడే వీటిలోకి రక్తం ఎక్కువగా పారుతుంది.

ఈ ధమనిలో పేరుకొన్న కొవ్వు పగిలి, అక్కడ రక్తం గడ్డకడితే అవతలి కండరం చావనారంభిస్తుంది. అదే గుండెపోటు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు కనబడతాయి. మధుమేహమున్నవారిలో, స్త్రీలలో కొందరికి నొప్పే ఉండదు. ఆయాసం, నీరసం మాత్రమే.

"గ్యాసేలే" అని మేమూ ఒకసారి మా ఇంటి పెద్దాయనకు వాము నీళ్లిచ్చి రెండు గంటలు పోగొట్టుకొన్నాము. ఆయన బ్రతికారు గాని, చచ్చిన కండరం తిరిగి రాలేదు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే రొప్పుతారు. అట్టి వేళ సోడా కొరకు వెదకక 108కి ఫోను చేయండి. రోగిని నడిపించవద్దు. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి.